ముందు పోయిన పవర్ సంగతి చూడండి

1989లో మాజ్దా ఎంఎక్స్-5 కారు వచ్చినప్పుడు దాని 1.6 లీటర్ల ఇంజన్ పవర్ సుమారు 115 హార్స్‌పవర్. ఇన్నేళ్లు తిరిగిన ఆ ఇంజన్‌కి టర్బో బిగించాలని చాలామంది ఉబలాటపడతారు. నన్నడిగితే టర్బో కంటే ముందు కొనాల్సింది కంప్రెషన్ గేజ్. ఫ్యూయల్, ఇగ్నిషన్ ఆపేసి, స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆ రంధ్రంలో గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి స్టార్టర్ తిప్పితే ఒక్కో సిలిండర్ బండారం బయటపడుతుంది. రీడింగ్ తక్కువొచ్చిన దాంట్లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం. పెరగకపోతే వాల్వులనో, హెడ్ గాస్కెట్‌నో అనుమానించాలి. రింగులు అరిగిన ఇంజన్‌లోకి టర్బోతో ఇంకా గాలి కుక్కడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. ఒత్తిడి కొంత క్రాంక్‌కేస్‌లోకి జారిపోతుంది, పొగ, ఆయిల్ ఖర్చు మిగులుతాయి. అలాంటి ఇంజన్‌ని ముందు రీబిల్డ్ చేయించాలి.

ఎయిర్ ఫిల్టర్, ఎగ్జాస్ట్ మారిస్తే చాలదా అంటారు. చప్పుడు బాగానే పెరుగుతుంది, పవర్ పెరిగేది కొంచెమే. రిపేరు ఖర్చుతో తర్వాతి మోడళ్ల 1.8 లీటర్ల ఇంజనే పెట్టుకోవచ్చు కదా అన్నది గట్టి వాదనే, ఒప్పుకుంటాను. కానీ అదీ పాత ఇంజనే, దానికీ ఇదే పరీక్ష తప్పదు. రీబిల్డ్ చేస్తే మళ్లీ 115 దగ్గరికే కదా వచ్చేది అనొచ్చు. టన్నుకు కాస్త లోపే తూగే కారుకి పోయిన పవర్ తిరిగొస్తే ఆ తేడా తక్కువేం కాదు. టర్బో మోజు ఆ తర్వాత తీర్చుకోండి. ముందు గేజ్, తర్వాతే పర్సు తీయండి.