ఎక్కిళ్లు పెట్టిన మారుతి

స్టార్ట్ కాని కారు ఎవరికీ హాని చెయ్యదు. షెడ్డులో పడి ఉంటుంది, అంతే. ప్రమాదమంతా చక్కగా స్టార్టయి, నాలుగు కిలోమీటర్లు బుద్ధిగా నడిచి, అవసరమైన క్షణంలో మాత్రం ముందుకెళ్లాలా వద్దా అని ఆలోచించే కారుతోనే. ఛత్తీస్‌గఢ్‌లో నందిని నుంచి భిలాయి వెళ్లే రోడ్డు మీద ఆ సంగతి బోధపడటానికి ఎక్కువసేపు పట్టదు. రాయీ, సిమెంటూ మోసే లారీలు వరసగా వస్తుంటాయి. పక్కదారి నుంచి మెయిన్ రోడ్డెక్కే చిన్న కారుకు రెండు లారీల మధ్య దొరికే సందు బహు కొద్ది. ఆ సందులోకి ముక్కు పెట్టి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజన్ ఒక్కసారి ఊపిరి బిగబట్టి ఆ తర్వాత అందుకుంటే? ఆ జాప్యం అర సెకనుకు మించకపోవచ్చు. కానీ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ అర సెకనులో ఎనిమిది మీటర్లు దగ్గరకొచ్చేస్తుంది.

నందినిలో స్థిరపడ్డ ఓ రిటైర్డ్ గని ఉద్యోగికి 2024 వేసవిలో ఈ లెక్కే నిద్ర పట్టనివ్వలేదు. ఆయనది శ్రీకాకుళం జిల్లా. ఉద్యోగ జీవితమంతా డంపర్లు, లోడర్లు బాగుచేసే వర్క్‌షాపులోనే గడిచింది. భార్య గుండె జబ్బు మనిషి. నెలకోసారి ఆమెను ఇరవై పైచిలుకు కిలోమీటర్ల దూరంలోని భిలాయి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దానికున్న సాధనం 1999 నాటి మారుతి 800. బదిలీ మీద వెళ్లిపోతున్న ఓ అధికారి దగ్గర 2007లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. దాని నంబరు ఇప్పటికీ ఎంపీ అక్షరాలతోనే మొదలవుతుంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది 2000 నవంబరు 1న కదా, కారు వయసు రాష్ట్రం వయసు కన్నా ఎక్కువ.

సరిగ్గా అదే ఏడాది రిజిస్ట్రేషన్ గడువు కూడా ముగుస్తోంది. పదిహేనేళ్లు నిండిన కారుకు ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ చేయించాలి. దానికి 600 రూపాయలున్న ఫీజును 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. "ఆ డబ్బాకి ఐదు వేలెందుకు నాన్నా, తుక్కుకిచ్చెయ్" అన్నాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు. తండ్రి వాదించలేదు. ఎక్కిళ్లు తగ్గితే ఫీజు కడతాను, లేదంటే తుక్కుకే అని తేల్చేశారు. చేతిలో రెండు నెలలుంది.

కారు గురించి చెప్పేముందు ఊరి గురించి కొంత చెప్పాలి. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందంతో భిలాయి ఉక్కు కర్మాగారం రూపుదిద్దుకుంది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఇనుప ఖనిజం దల్లీ రాజ్‌హరా నుంచి, సున్నపురాయి నందిని నుంచి వచ్చేవి. కొలిమిలో ఖనిజంలోని మలినాలను పట్టుకుని చిట్టెంగా మార్చేది ఈ సున్నపురాయే. కొత్తగా పుట్టిన ఉక్కు ఊరికి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లలో ఉత్తరాంధ్ర జనం తక్కువేమీ కాదు. విజయనగరం నుంచి రాయగడ మీదుగా రాయ్‌పూర్‌కు రైలు మార్గం ఉండనే ఉంది. అలా వచ్చినవాళ్ల మనవలు ఇప్పుడు ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ మాట్లాడతారు.

సున్నపురాయి ఊరికి ఉక్కునిచ్చింది, ఇంటింటికీ దుమ్ముకూడా ఇచ్చింది. ఎండాకాలంలో తెల్లటి పొడి కిటికీ చువ్వల మీదా, తులసి ఆకుల మీదా పేరుకుంటుంది. అందుకే నందినిలో ఏ బండి మొరాయించినా అందరి నోటా ఒకటే మాట, ధూళి.

ఇంట్లో విప్పి చూసుకోవడానికి ముందే ఆ కారు మూడు గ్యారేజీలు తిరిగొచ్చింది. మొదటిచోట ప్లగ్గులు మార్చారు. రెండోచోట "కార్బురేటర్ మే కచ్రా హై" అని విప్పి, పెట్రోలుతో కడిగి, ఊది బిగించారు. నాలుగు రోజులు బాగానే ఉన్నట్టనిపించింది. మూడోచోట కాయిల్ కొత్తది వేశారు. బిల్లులు పెరిగాయి, ఎక్కిళ్లు తగ్గలేదు. దీన్ని మోసం అనడం అన్యాయం. గ్యారేజీ ముందు నిలబెడితే ఆ కారు గడియారంలా ఆడుతుంది. రోడ్డు మీద, అదీ ఒక్కోసారే జంకుతుంది. జ్వరం తగ్గాక డాక్టర్ దగ్గరికెళ్లిన రోగి లాంటిదది. పైగా ఇప్పటి కుర్ర మెకానిక్‌లకు కారుకు స్కానర్ తగిలించి, తెర మీద వచ్చిన కోడ్ చదివే అలవాటు. ఈ కారులో స్కానర్ తగిలించడానికి చోటే లేదు.

అప్పుడాయన వర్క్‌షాపు పద్ధతికి దిగారు. గనిలో ప్రతి డంపరుకూ ఓ లాగ్ బుక్ ఉండేది. యంత్రం ఎప్పుడు, ఏ బరువుతో, ఏ గేరులో మొరాయించిందో డ్రైవరు రాస్తేనే మెకానిక్ చెయ్యి పెట్టేవాడు. కారుకూ ఓ వంద పేజీల నోటుపుస్తకం కొన్నారు. రాసే పని పక్క సీట్లో కూర్చునే భార్యది.

"ఏటి రాయను?"

"జంకింది. రెండో గేరు. ఇంజన్ వేడి. గబుక్కున తొక్కాను."

"నెమ్మదిగా తొక్కితే జంకదేటి?"

ఆ ప్రశ్నే దారి చూపిందని చెప్పాలి. ఇంజన్ తడబాటుకు తనదైన వ్యాకరణం ఉంది. చల్లగా ఉన్నప్పుడు మాత్రమే తడబడితే చోక్‌ను అనుమానించాలి. వేడెక్కాకనే వస్తే కాయిల్ గానీ, ఎండకు పెట్రోలు గొట్టంలోనే ఆవిరవడం గానీ కారణం కావచ్చు. వానలోనే వస్తే ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ మూత. ఎత్తు ఎక్కేటప్పుడు, ఎక్కువసేపు వేగంగా పోయేటప్పుడు నీరసపడితే పెట్రోలు చాలినంత అందడం లేదని అర్థం. ఫిల్టరో, పంపో చూడాలి. పెడల్ తొక్కిన ఆ ఒక్క క్షణమే తడబడి, వెంటనే కోలుకుంటే మాత్రం అది వేరే కథ. రెండు వారాల రాత చూస్తే ఈ కారుది ఆఖరి రకమే. గబుక్కున తొక్కినప్పుడే వస్తోంది. నెమ్మదిగా తొక్కితే వెన్నపూస.

అయినా ఆయన తొందరపడలేదు. చేత్తో గేర్లు మార్చే కారులో ఒక సౌకర్యం ఉంది. ఇంజన్‌నూ చక్రాలనూ విడదీసి చూడొచ్చు. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో పోతూ పెడల్ గట్టిగా తొక్కితే, ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోందన్నమాట. ఇక్కడ మోతే పడిపోయి లేస్తోంది. కాబట్టి క్లచ్ నిర్దోషి. తర్వాత ఇంటి ముందు న్యూట్రల్‌లో పెట్టి హఠాత్తుగా తొక్కి చూశారు. అక్కడా అదే చిన్న గుటక. జబ్బు గేర్లలో లేదు, ఇంజన్‌లోనే ఉందని తేలిపోయింది. నాలుగో గేరులో పాతిక వేగంతో ఈడుస్తూ ఇంజన్ కొట్టుకుంటోందని ఫిర్యాదు చేసేవాళ్లూ ఉంటారు. ఆ జబ్బు బండిది కాదు, నడిపేవాళ్లది. ఆయన ఆ పద్దును కూడా కొట్టేశారు.

అప్పుడు ధూళి వంతు వచ్చింది. ఎయిర్ ఫిల్టర్ తీసి చూస్తే నిజంగానే మడతల నిండా తెల్ల పొడి. ప్లగ్గులు మూడూ విప్పితే నల్లటి మసి. గాలి చాలక పెట్రోలు ఎక్కువవుతోందనడానికి అదే గుర్తు. సరిగా మండే ఇంజన్‌లో ప్లగ్ మొన బిస్కెట్ రంగులో ఉండాలి. ఇరుగుపొరుగు "చెప్పాం కదా" అన్నారు. కొత్త ఫిల్టర్ వేశారు. వారం తర్వాత ప్లగ్గులు బిస్కెట్ రంగుకొచ్చాయి, మైలేజీ కాస్త పెరిగింది. ఎక్కిళ్లు మాత్రం తగ్గకపోగా ఒకింత ఎక్కువయ్యాయి!

ఇలాంటి చోటే చాలామంది కారును తిట్టుకుని అమ్మేస్తారు. ఆయన మాత్రం సంతోషించారు. ఎక్కువైందంటే అదీ ఒక సమాచారమే. ఆయన లెక్క ఇది. ఇన్నాళ్లూ గాలి తక్కువై, పెట్రోలు పాలు ఎక్కువై అసలు లోపాన్ని కొంత కప్పిపెట్టింది. గాలి సరిపడా అందేసరికి ఆ లోపం బయటపడింది. అంటే ఆ ఒక్క క్షణంలో ఇంజన్‌కు పెట్రోలు చాలడం లేదు. ధూళి నిజమే, అది చేసిన నష్టమూ నిజమే. కానీ ఈ నేరం దానిది కాదు.

పెట్రోలు చాలకపోవడానికీ, నిప్పు వేళ తప్పడానికీ మధ్య తేడా చూడటానికి డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ గొట్టం ఊడదీసి, నోటితో గాలి పీల్చి చూశారు. లోపలి ప్లేటు కదిలి, పీల్చినంతసేపూ నిలబడింది. అది బాగానే ఉంది. ఎక్కడైనా గాలి దొంగతనంగా లోపలికి పోతోందేమోనని ఓ మూర రబ్బరు గొట్టం చెవికి పెట్టుకుని, రెండో కొసను ఆడుతున్న ఇంజన్ చుట్టూ తిప్పారు. బుసబుసలేమీ వినపడలేదు. కొందరు క్లీనర్ స్ప్రే కొట్టి చూస్తారు. వేడి ఇంజన్ మీద మండే ద్రవం చల్లడం ఇంటి దగ్గర చెయ్యాల్సిన పని కాదు.

మిగిలింది ఒక్కటే. కార్బురేటర్‌లో పెడల్ హఠాత్తుగా తొక్కగానే గాలి ఒక్కసారిగా లోపలికి దూసుకొస్తుంది. గాలి కన్నా బరువైన పెట్రోలు అంత చురుగ్గా కదల్లేదు. ఆ రెప్పపాటు లోటు పూడ్చడానికి యాక్సిలరేటర్ పంప్ అనే చిన్న ఏర్పాటు ఉంటుంది. తొక్కగానే ఓ పల్చని రబ్బరు పొర వంగి, పిచికారీలా పెట్రోలు చిమ్ముతుంది. ఎంపీఎఫ్‌ఐ ఇంజన్లలో ఇదే పని కంప్యూటర్ చేస్తుంది. పెడల్ కదలిక సెన్సర్ ద్వారా తెలుసుకుని ఇంజెక్టర్‌ను కొంచెం ఎక్కువసేపు తెరుస్తుంది. మారుతి 800కు ఆ ఏర్పాటు 2000 ప్రాంతంలో వచ్చింది. ఈ కారు అంతకుముందుది. 796 సీసీ, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు, ఒక రబ్బరు పొర.

పరీక్ష చాలా తేలిక. ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, ఎయిర్ క్లీనర్ డబ్బా తీసి, టార్చిలైటుతో కార్బురేటర్ గొంతులోకి చూస్తూ చేత్తో థ్రాటిల్ తిప్పాలి. బీడీ, అగ్గిపుల్ల ఆ చుట్టుపక్కల ఉండకూడదు. పంప్ బాగుంటే తిప్పిన మరుక్షణం సన్నటి ధార సూటిగా పడాలి. ఇక్కడ ధార లేదు. ఒక క్షణం ఆగి, ముసలి కుళాయిలా రెండు చుక్కలు రాలాయి. మళ్లీ తిప్పితే మళ్లీ అంతే. మూడు గ్యారేజీలు, మూడు బిల్లులు, ఇన్ని నెలల భయం వెనక ఉన్నది గట్టిపడిపోయిన ఆ రబ్బరు పొర.

పొర ఎందుకు గట్టిపడిందనే చర్చకు ఈ మధ్య సిద్ధంగా ఒక జవాబు దొరుకుతోంది. దేశంలో పెట్రోలులో కలిపే ఇథనాల్ సగటు 2022 జూన్ నాటికి 10 శాతానికి చేరింది, 2025లో 20 శాతమైంది. ఇథనాల్ నీటిని పీలుస్తుంది, పాత రకం రబ్బరుకు పడదు. తనలో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి, జెట్ల కొలత మార్చుకోలేని పాత కార్బురేటర్‌లో మిశ్రమాన్ని పల్చన చేస్తుంది. లీటరుకు దాని శక్తి కూడా పెట్రోలుతో పోలిస్తే మూడో వంతు తక్కువ. ఇవన్నీ నిజాలే. కానీ పాతికేళ్లు పెట్రోలులో నానిన రబ్బరు ఇథనాల్ లేకున్నా గట్టిపడుతుంది. ధూళి విషయంలో ఇరుగుపొరుగు చేసిన పనే ఇథనాల్ విషయంలో తాను చెయ్యదలచుకోలేదు ఆయన. నోటుపుస్తకంలో కారణం దగ్గర "వయసు" అని మాత్రం రాయించారు.

పొర కనిపెట్టడం కన్నా సంపాదించడం కష్టమైంది. మారుతి 800 తొలి కారు 1983 డిసెంబరు 14న ఢిల్లీలో యజమాని చేతికి వెళ్లింది. పాతిక లక్షలకు పైగా తయారయ్యాక 2014 జనవరిలో ఉత్పత్తి ఆగిపోయింది. కార్బురేటర్ మోడల్ విడిభాగాలు కొట్లలో అడుగుబొడుగులే. దుర్గ్‌లో దొరికిన మొదటి కిట్‌లోని పొర కొత్తదే గానీ, కవరులో ఎన్నేళ్లు ఉందో, వంచితే అంచు పగిలింది. రెండోది రాయ్‌పూర్‌లో దొరికింది. ధర కాయిల్ ఖరీదులో సగం కూడా లేదు. బిగించడానికి ఓ ఆదివారం పూట పట్టింది. సగం సమయం స్ప్రింగు ఎగిరి డ్రైనేజీ వైపు పోతే వెతకడానికే సరిపోయింది.

ధార సూటిగా పడింది. న్యూట్రల్‌లో గుటక లేదు. రెండో గేరులో లేదు. ఆ తర్వాత కూడా మూడు వారాల పాటు పుస్తకం రాయడం మానలేదు. గడువుకు తొమ్మిది రోజుల ముందు ఐదు వేలు కట్టి ఆర్సీ రెన్యువల్ చేయించారు. కొడుకు ఫోన్‌లో "నీ ఇష్టం నాన్నా" అన్నాడు, కొంచెం నవ్వుతూ.

2025 నుంచి ఆ పుస్తకంలో ఒక గడి పెరిగింది, ఏ రోజు ఏ బంకులో పెట్రోలు పోయించారో రాయడానికి. రాయ్‌పూర్ కొట్లో మిగిలిన ఇంకో కిట్ కూడా కొనేశారు. అది ప్లాస్టిక్ కవరులో, డ్యాష్‌బోర్డు అరలో, మందుల చీటీల పక్కన ఉంది.