కొనుక్కున్న వారం

స్థలం కొన్నామంటే అర్థమవుతుంది. పొలం కొన్నామన్నా, కాసులపేరు కొన్నామన్నా అర్థమవుతుంది. అవసరం వస్తే అమ్ముకుంటాం, లేకపోతే పిల్లలకి మిగులుతుంది. కాని ఏడాదిలో ఉన్న యాభై రెండు వారాల్లోంచి ఒక్క వారాన్ని కొనుక్కోవడం, అదీ పాతికేళ్ళకి సరిపడా ఒకేసారి కొనుక్కోవడం నాకు ఇప్పటికీ విడ్డూరంగానే ఉంటుంది. దాన్నే టైమ్‌షేర్ అంటున్నారు. 1960లలో ఫ్రాన్సులో, ఆల్ప్స్ కొండల మీద మంచులో ఆటలాడుకోవడానికి వచ్చేవాళ్ళ కోసం మొదలైన ఏర్పాటు ఇది. మన దేశంలోకి 1980లలో వచ్చింది. ఊటీ, కొడైకెనాల్, మున్నారు, గోవా - చల్లగాలో సముద్రమో ఉన్న చోటల్లా పాతుకుంది.

దీన్ని అమ్మే పద్ధతి చూడండి. సూపర్‌బజారులో పప్పులూ ఉప్పులూ కొని బయటికి వస్తూంటే ఒక కుర్రాడు చీటీ మీద పేరూ ఫోన్ నంబరూ రాయమంటాడు. వారం తిరక్కుండా, "మేడమ్, మీకు బహుమతి వచ్చింది" అని ఫోను. బహుమతి తీసుకోవాలంటే ఫలానా హోటలుకి వెళ్ళి ఓ గంటన్నర కూచోవాలి. ఒక్కటే షరతు - భార్యాభర్తలిద్దరూ కలిసే రావాలి.

ఆ షరతులోనే ఉంది కిటుకంతా. ఒక్కరే వెళితే "ఇంట్లో అడిగి చెబుతాను" అని లేచి రావచ్చు. సంసారాలు నిలబడ్డదే ఆ ఒక్క మాట మీద కదా! ఇద్దరూ ఎదురుగా ఉంటే ఆ తలుపు మూసుకుపోతుంది. "అమ్మగారిని ఎప్పుడైనా కొండల మీదికి తీసుకెళ్ళారా సార్?" అని ఆ అబ్బాయి అడిగితే, నలుగురి మధ్యా ఏ మగవాడు లేదని చెబుతాడు? ఏ ఆడది వద్దని ఆయన్ని చిన్నబుచ్చుతుంది? పైగా ఆ ధర ఇవాళొక్కరోజేనట. రేపటికి ఉండదట.

మా పిన్నీ బాబాయీ 2016లో అలా వెళ్ళారు. బాబాయి రిటైరై అప్పటికి నాలుగు నెలలు. వచ్చిన డబ్బులోంచి మూడు లక్షల నలభై వేలు అక్కడికక్కడే కట్టేశాడు. ఇంటికి ఒక డిన్నర్ సెట్టూ, అట్టపెట్టెంత ఫైలూ తెచ్చుకున్నారు.

ఆ ఫైలు నేను చదివింది చాలా ఏళ్ళ తర్వాత. హోటల్లో మాట్లాడిన మాటల్లో సగం అందులో లేవు. "ఈ పత్రంలో లేని మాటలకు మా పూచీ లేదు" అన్న ముక్క మాత్రం సన్నటి అక్షరాల్లో ఉంది. కొన్నామని అనుకుంటాం కాని కొన్నది ఏదీ లేదు. నూరు రూపాయలూ ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టరైన దస్తావేజు ఉండాలని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమే చెబుతోంది. ఈ మూడు లక్షల చిల్లరకి ఏ దస్తావేజూ లేదు. ఉన్నది వాడుకునే హక్కు ఒక్కటే. అదీ గది ఖాళీగా ఉంటేనే.

వేసవి సెలవల్లో గది ఎప్పుడూ ఖాళీగా ఉండదు. 2019లో వాళ్ళకి దొరికింది జూలైలో మున్నారు. జూలైలో మున్నారంటే వాన తప్ప మరోటి కనిపించదు. వారం రోజులూ కిటికీ దగ్గర కూచుని వచ్చారు.

వెళ్ళినా వెళ్ళకపోయినా ఏటేటా నిర్వహణ రుసుం కట్టాలి. ఆఖరుసారి వచ్చిన బిల్లు పద్ధెనిమిది వేలు, దాని మీద జీఎస్టీ 3,240. నేను కిరాణా చీటీ వెనక లెక్క వేశాను. మూడు లక్షల నలభై వేలని పాతికేళ్ళకి పంచితే ఏడాదికి 13,600. ఆ బిల్లు కలిపితే 34,840. ఏడు రాత్రులకి భాగిస్తే రాత్రికి దాదాపు అయిదు వేలు! రైలు చార్జీలూ తిండీ వేరే. బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీ సంగతి నేనెత్తడం లేదు. ఆ డబ్బుకి ఏ సంవత్సరం కావాలంటే ఆ సంవత్సరం, ఏ ఊరు కావాలంటే ఆ ఊళ్ళో గది దొరకదూ?

ఏమాటకామాటే చెప్పుకోవాలి. నెలల ముందే పథకం వేసుకుని, పిల్లల్ని వెంటేసుకుని ఏటా తప్పకుండా వెళ్ళేవాళ్ళకి ఇది గిట్టుబాటవుతుంది. అలాంటి కుటుంబం మా వీధిలోనే ఒకటి ఉంది. కాని అరవై దాటిన మోకాళ్ళ నొప్పులవాళ్ళకి పాతికేళ్ళ షికార్లు అమ్మడం ఏం న్యాయం?

2021లో బాబాయి పోయాడు. బిల్లులు మాత్రం ఆయన పేరునే వస్తూ ఉండేవి. ఆలస్యానికి వడ్డీ కూడా జోడించి. పిన్ని ఆ కవర్లు దేవుడి గూట్లో పెట్టేది. "ఆయన సంతకం పెట్టిన కాగితమే. ఎగ్గొట్టారన్న మాట ఆయనకి రాకూడదు" అనేది. పెన్షనులోంచి కట్టడానికి కూడా సిద్ధపడింది. అది విన్నాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

ఈలోగా ఇంకో ఫోను. ఆ సభ్యత్వాన్ని మంచి ధరకి అమ్మిపెడతారట, ముందుగా పాతిక వేలు రిజిస్ట్రేషను ఖర్చు పంపాలట. అమ్మిపెట్టేవాడు వచ్చిన దాంట్లోంచి తీసుకోవాలి గాని ముందే అడగడమేమిటి? ఇవతల పాము కాటు, అవతల దొంగ వైద్యుడు!

ఫైలు అట్ట నించి అట్టదాకా చదివాను. సభ్యుడు బాబాయి ఒక్కడే, పిన్ని నామినీ. సభ్యుడు మరణిస్తే నామినీ సభ్యత్వాన్ని తన పేరున "మార్చుకోవచ్చు" అని ఉంది. మార్చుకొని తీరవలెనని లేదు. ఇన్నేళ్ళూ మాటలతో సంసారం చేసిన దాన్ని, నాకా తేడా తెలియదా? పైగా పోయినవారి బాకీ ఏదైనా ఉంటే, వారసులకి దక్కిన ఆస్తి మేరకే వర్తిస్తుంది గాని వాళ్ళ సొంత సొమ్ముకి కాదు. మరణ ధ్రువపత్రం జతచేసి, సభ్యత్వం అక్కర్లేదని పిన్ని చేత ఉత్తరం రాయించి, 2023లో రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. నెల గడిచినా జవాబు లేదు. 1915 నంబరుకి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకి, ఫిర్యాదు చేశాం.

మా పక్కింటావిడది ఇంకో రకం చిక్కు. వాళ్ళు బ్యాంకు అప్పు మీద వాయిదాల్లో కొన్నారు. కంపెనీ మీద కోపంతో వాయిదాలు ఆపేస్తే బ్యాంకువాళ్ళు వెంటపడ్డారు. కంపెనీతో తగువు వేరు, బ్యాంకు అప్పు వేరు. ఐరోపా దేశాల్లో సంతకం పెట్టాక పద్నాలుగు రోజుల్లోపు కారణం చెప్పకుండానే మానుకోవచ్చని చట్టం ఉంది. మనకి టైమ్‌షేర్ కోసం ప్రత్యేక చట్టం లేదు. పత్రంలో కంపెనీ ఇచ్చిన గడువేదో అదే గడువు. అందుకని హోటలు నించి రాగానే డిన్నర్ సెట్టు కాదు, ఆ ఫైలు విప్పండి.

చివరికి పిన్నికి ఉత్తరం వచ్చింది. సభ్యత్వం రద్దు, బాకీ ఏమీ లేదు, కట్టిన సొమ్ము మాత్రం తిరిగి రాదు. జిల్లా వినియోగదారుల కమిషనుకి వెళదామన్నాను. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే రుసుం లేదు, వకీలు లేకుండా మనమే చెప్పుకోవచ్చు, మనముండే ఊళ్ళోనే వేయవచ్చు. కాకపోతే వివాదం పుట్టిన రెండేళ్ళ లోపల వేయాలి. పిన్ని ఒప్పుకోలేదు. నాకు నచ్చలేదు గాని డబ్బు ఆవిడది, ఓపిక ఆవిడది.

ఆ ఉత్తరం ఫైల్లో పెడుతూంటే అట్టకి అంటుకున్న ఫోటో ఒకటి జారింది. మున్నారులో తీసింది. ఒకే గొడుగు కింద ఇద్దరూ, వెనకాల తెల్లగా పొగమంచు తప్ప ఏమీ లేదు. పిన్ని చాలాసేపు దానివంకే చూసి, "వాన పడితేనేంలేవే, ఆ వారం బాగానే ఉంది" అంది.