మధ్యేమార్గం

2012 ఆగస్టులో రెండు సూట్‌కేసులూ, ఒక ప్రెషర్ కుక్కరూ పట్టుకుని ఎమ్మెస్ చెయ్యడానికి మేరీలాండ్‌లో దిగాను. మూడు నెలలు తిరక్కుండానే ఎన్నికలొచ్చాయి. ఒబామా, రామ్నీల గొడవ సరే, మా పేటలో ఇళ్ళముందు 'క్వశ్చన్ 6' అని బోర్డులు కూడా పాతారు. ఏవిటా అని కనుక్కుంటే, ఇద్దరు మగవాళ్ళో, ఇద్దరు ఆడవాళ్ళో పెళ్ళి చేసుకోవచ్చన్న చట్టం ఉంచాలా తియ్యాలా అని జనాన్నే అడుగుతున్నారట!

ఆ రాత్రి అపార్ట్‌మెంట్లో పప్పుచారు తింటూ మేం కూడా తీర్పు చెప్పేసాం. మాలో ఒక్కడికీ వోటు లేదనుకోండి, అది వేరే సంగతి. "కలిసి బతకనివ్వండి, ఆస్తీ ఇన్సూరెన్సూ అన్నీ ఇవ్వండి, దానికి సివిల్ యూనియన్ అని పేరు పెట్టండి. పెళ్ళి అన్న మాట మాత్రం మాకొదిలెయ్యండి" అన్నాను. ఎంత ఉదారంగా మాట్లాడానో అని నాకే ముచ్చటేసింది.

నేనేం కొత్తగా కనిపెట్టలేదు. వెర్మాంట్ రాష్ట్రం 2000లోనే ఆ పేరుతో చట్టం చేసింది. 2008లో ఒబామా చెప్పినదీ దాదాపు అదే. 2012 మేలో గానీ పెళ్ళికి ఒప్పుకోలేదు. జనం కూడా అలాగే మెల్లిగా కదిలారు. గాలప్ సర్వేలో ఈ పెళ్ళిళ్ళని చట్టం గుర్తించాలన్నవాళ్ళు 1996లో నూటికి 27 మంది, 2011లో 53 మంది. ఆ నవంబరులో మేరీలాండ్ కూడా 52 శాతంతో సరేనంది. నేను దాన్ని మర్చిపోయి అసైన్‌మెంట్లలో పడ్డాను.

2018 సెప్టెంబరులో మన సుప్రీంకోర్టు 377 మీద తీర్పిచ్చిన మర్నాడు, ఆనాటి రూమ్మేట్ ఒకడు ఫోన్ చేసాడు.

"వార్త చూసావా?"

"చూసాను, మంచిదేగా."

"నా సంగతేరా అది."

నాకు నోట మాట రాలేదు. కాసేపాగి వాడే అన్నాడు, "ఆ రోజు నువ్వన్నది వంటింట్లో గిన్నెలు తోముతూ విన్నాను. అప్పటికి నీకొక్కడికే చెబుదామనుకుంటున్నాను. ఆరేళ్ళు పట్టింది."

వాడి స్నేహితుడు అప్పటికి ఇక్కడే ఓపీటీ మీద ఉన్నాడు. హెచ్-1 లాటరీలో పేరు రాలేదు, గడువు దగ్గరపడుతోంది. ఇక మిగిలింది డిపెండెంట్ వీసా. 2013 జూన్ 26న విండ్సర్ కేసులో తీర్పొచ్చాక అది వీళ్ళకీ ఇస్తున్నారు. కానీ ఒక షరతు: పెళ్ళి సర్టిఫికెట్ ఉండాలి. సివిల్ యూనియన్ కాగితాన్ని ఇమిగ్రేషన్ వాళ్ళు పెళ్ళిగా లెక్కెయ్యరు.

రోజూ కోడ్ రాసుకు బతికేవాణ్ణి, ఆ మాత్రం తట్టొద్దూ? ఫంక్షన్ పేరు మార్చేసి, లోపలంతా అదే కదా అంటే, పాత పేరుతో పిలిచే ప్రతిచోటా పగులుతుంది. నా మధ్యేమార్గమే చట్టమైతే, వాడి మనిషి తిరుగు విమానం ఎక్కాల్సిందే.

2019లో కౌంటీ కోర్టుహౌసులో పావుగంటలో పెళ్ళైపోయింది. ఫొటోలు నేనే తీసాను. ఇరువైపుల పెద్దవాళ్ళూ రాలేదు.

మన దగ్గర 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జిల్లో ఒక్కరు కూడా పెళ్ళి హక్కు ఉందనలేదు. యూనియన్‌కైనా గుర్తింపు ఉండాలన్నది ఇద్దరే. హైదరాబాదు జంట ఒకటి వేసిన పిటిషన్ కూడా అందులో ఉంది. అదే ఏడాది ప్యూ సర్వేలో మాత్రం భారతీయుల్లో 53 శాతం ఇలాంటి పెళ్ళికి అనుకూలమన్నారు. నేను నమ్మలేదు, ఎందుకంటే మా అమ్మ నాకు తెలుసు.

"నీ రూమ్మేట్‌కి సంబంధం కుదిరిందా?" అని అమ్మ అడిగినప్పుడల్లా "ఇంకా లేదమ్మా" అనేవాణ్ణి. కిందటేడు తను ఇక్కడికొచ్చినప్పుడు వాళ్ళిద్దర్నీ భోజనానికి పిలిచి, ముందురోజు రాత్రి చెప్పేసాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాళ్ళమ్మకి తెలుసా?" అంది.

"తెలుసు. ఫోన్ ఎత్తదు."

"నాకు నచ్చలేదురా" అంది. మర్నాడు మాత్రం గుత్తివంకాయ చేసింది. వెళ్ళేటప్పుడు ఊర్నించి తెచ్చిన ఆవకాయ సీసా వాడి చేతిలో పెట్టి, "అయిపోతే చెప్పు నాయనా" అంది. వాడు సమాధానం చెప్పకుండా వెళ్ళి కారులో కూర్చున్నాడు.

సర్వేవాళ్ళు ఫోన్ చేస్తే అమ్మ ఇప్పటికీ 'వ్యతిరేకం' అనే చెప్తుంది. అమెరికాలో ఆ అంకె 2023లో 71దాకా పోయి 2025లో 68కి దిగింది. పెరుగుతుంది, తగ్గుతుంది. 2012లో నన్నెవరైనా అడిగుంటే నేనూ ఒక గడిలో అంకెనయ్యేవాణ్ణి, అంతే. నన్నెవరూ అడగలేదు. అయినా చెప్పాను, వినాల్సినవాడు పక్కగదిలో విన్నాడు.

వాణ్ణి అడిగే ఇది రాస్తున్నాను. పేరొద్దన్నాడు. వాళ్ళమ్మ చదువుతుందేమోనని.