గూడబాతును దగ్గరకు తెచ్చిన గొట్టం

బాలలూ! విజయవాడలో ప్రకాశం బ్యారేజి మీద మీరెప్పుడైనా నిలబడి చూశారా? 1957లో పూర్తయిన ఆ ఆనకట్టకు ఎగువన కృష్ణమ్మ నిండు చెరువులా నిలిచి ఉంటుంది. దిగువన, వరదలు తీసిన తరవాత, ఇసుక తిన్నెలు తేలతాయి. ఆ తిన్నెల అంచున కొంగలు చేపల కోసం కాచుకుని ఉంటాయి.

ఒకనాడు ఎనిమిదో తరగతి చదివే మా మనవడు అక్కడి నుంచి ఫోనుతో ఒక కొంగను ఫొటో తీశాడు. ఇంటికి వచ్చి చూస్తే ఇసుకంతా ఉన్నది, నీళ్ళన్నీ ఉన్నాయి, కొంగ మాత్రం నువ్వుగింజంత ఉన్నది. "తాతయ్యా, నా కంటికి ఇంకా పెద్దగా కనబడిందే!" అని వాడు దిగులుపడ్డాడు.

వాళ్ళ నాన్న దగ్గర పాత కెమేరా ఒకటి ఉన్నది. దానికి 300 మిల్లీమీటర్ల టెలిఫోటో కటకం ఉన్నది. ఈ 300 అనేది కటకం నాభ్యంతరం. నాభ్యంతరం పెరిగినకొద్దీ దూరపు వస్తువు బొమ్మ కెమేరాలో పెద్దదిగా పడుతుంది. ఆ కటకంతో తీస్తే కొంగ చింతగింజంత అయింది. మావాడికి అదీ చాలలేదు. 600 మిల్లీమీటర్ల కటకం కొనాలంటే మా తాహతుకు మించిన పని.

అప్పుడు ఫొటో సామాన్లు అమ్మే ఒక దుకాణంలో టెలికన్వర్టర్ అనే వస్తువు చూపించారు. అది అరచేతిలో పట్టే పొట్టి గొట్టం. ఒక చివర కెమేరాకు, రెండో చివర కటకానికి తగులుకుంటుంది. అందులో రెండు రకాలున్నాయి. ఒకటి బొమ్మను 1.4 రెట్లు చేస్తుంది, రెండోది 2 రెట్లు చేస్తుంది. 300ను మొదటిది 420 చేస్తుంది, రెండోది 600 చేస్తుంది.

"ఏది తీసుకోమంటావు, తాతయ్యా?" అని మావాడు అడిగాడు.

నేను ముప్ఫై అయిదేళ్ళు లెక్కల పాఠాలు చెప్పినవాణ్ణి. "ఇందులో ఆలోచించటానికేమున్నది? 1.4 కన్న 2 పెద్దది. అదే తీసుకో!" అన్నాను. పిల్లలూ, ఈ మాట గుర్తుంచుకోండి. ఇందులో ఎంత పొరపాటున్నదో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఇంతకూ ఈ గొట్టం చేసే పని ఏమిటి? కెమేరా కటకం కుంభాకార కటకంలా పనిచేసి, వెలుతురు కిరణాలను ఒకచోటికి చేరుస్తుంది. అవి కలుసుకోబోయే సమయానికి మధ్యలో ఒక పుటాకార కటకం పెట్టామనుకోండి. అది కిరణాలను కాస్త విడదీస్తుంది. అందువల్ల అవి కొంచెం ఆలస్యంగా, కొంచెం దూరాన కలుసుకుంటాయి. బొమ్మ పెద్దదవుతుంది. టెలికన్వర్టర్‌లో ఇటువంటి పని చేసే కటకాల గుంపు ఉంటుంది.

ఈ ఉపాయం కొత్తది కాదు. ఇంగ్లండులో పీటర్ బార్లో అనే లెక్కల ఉపాధ్యాయుడు ఉండేవాడు. ఆయన 1776లో పుట్టి 1862లో చనిపోయాడు. 1830లలో ఆయన దూరదర్శినిలో ఇలాంటి కటకం పెట్టే పద్ధతి చెప్పాడు. ఇప్పటికీ నక్షత్రాలు చూసేవాళ్ళు దాన్ని బార్లో కటకమనే అంటారు. ఆయనే 1814లో వర్గాలూ, వర్గమూలాలూ చూసుకునే పట్టికల పుస్తకం కూడా వేశాడు. నేను ఆ దుకాణంలో 1.4కు వర్గం ఎంతో ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది!

డిసెంబరులో ఇద్దరం కొల్లేరుకు బయలుదేరాం. విజయవాడలో రైలెక్కి, గుడివాడ మీదుగా కైకలూరులో దిగాలి. దారి పొడుగునా కాలవలూ, వరి పొలాలూ, చేపల చెరువులూ కనిపిస్తాయి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లపు భూమిలో నిలిచిన మంచినీటి సరస్సు కొల్లేరు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు చివరకు చేరేది అక్కడికే. తమ్మిలేరు కూడా అందులోనే కలుస్తుంది. కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. 1999లో ప్రభుత్వం కొల్లేటిని వన్యప్రాణుల రక్షిత ప్రదేశంగా ప్రకటించింది. 2002లో అది ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది.

కైకలూరుకు దగ్గరలోనే ఆటపాక ఉన్నది. అక్కడి నీళ్ళలో చెట్ల మీదా, అటవీశాఖవారు నిలబెట్టిన ఇనుప మంచెల మీదా గూడబాతులు గూళ్ళు కడతాయి. గూడబాతు అంటే పెలికాన్ పక్షి. దాని ముక్కు కింద పెద్ద సంచి ఉంటుంది. నీటిలో ముక్కు ముంచి, చేపలను సంచితో తోడుకుంటుంది. దాన్ని చూస్తే, మా చిన్నప్పుడు రైతులు కాలవలోంచి చేలకు నీరు తోడే గూడ నాకు గుర్తుకు వచ్చింది. ఎర్రకాళ్ళ కొంగలు కూడా అక్కడ ఉన్నాయి.

మేము పడవ ఎక్కేసరికి ఇంకా మంచు విడలేదు. మావాడు 2 రెట్ల గొట్టం తగిలించి కెమేరా ఎత్తాడు. కటకం లోపల మర ముందుకూ వెనక్కూ కొట్టుకున్నది తప్ప పక్షి మీద నిలవలేదు. చేత్తో తిప్పి సరిచేసి తీస్తే బొమ్మ చీకటిగా వచ్చింది. చీకటి పోవటానికి షట్టరు ఎక్కువసేపు తెరిచి తీస్తే, పడవ ఊగి బొమ్మ అలుక్కుపోయింది. పదిహేను ఫొటోలు తీశాడు. పదిహేనూ పనికిరాలేదు.

ఆ పడవలోనే నాకు నా తప్పు తెలిసింది. అమ్మ దోసెలు పొయ్యటం చూశారు కదా? గరిటెడు పిండిని చిన్న దోసెగా పోస్తే మందంగా ఉంటుంది. అదే గరిటెడును పెనమంతా తిప్పితే పలచనవుతుంది. గొట్టం చేసేది కూడా అంతే. అది కొత్తగా వెలుతురు తీసుకురాదు. ఉన్న వెలుతురునే ఎక్కువ చోటుకు పరుస్తుంది. బొమ్మ 2 రెట్లు పొడుగూ, 2 రెట్లు వెడల్పూ అయితే వైశాల్యం 4 రెట్లు. కాబట్టి వెలుతురు నాలుగో వంతు. 1.4ను 1.4తో హెచ్చవేస్తే 1.96, అంటే దాదాపు 2. కాబట్టి ఆ గొట్టంతో వెలుతురు సగం మాత్రమే తగ్గుతుంది.

ఇంకో చిక్కు ఉన్నది. పక్షితోపాటు మన చేతి వణుకు కూడా 2 రెట్లవుతుంది. 300 కటకాన్ని చేత్తో పట్టుకుంటే షట్టరు సెకనులో 300వ వంతు మించి తెరవరాదని ఫొటోగ్రాఫర్లు ఒక లెక్క చెబుతారు. 600 అయితే అది 600వ వంతు. వెలుతురు నాలుగో వంతయింది, షట్టరు తెరిచే వ్యవధి సగమయింది. 4ను 2తో హెచ్చవేయండి. 2 రెట్ల గొట్టానికి 8 రెట్ల కష్టమన్నమాట! 1.4 గొట్టానికయితే 2ను 1.4తో హెచ్చవేస్తే 2.8, అంటే మూడు రెట్లు కూడా లేదు. కెమేరాను తక్కువ వెలుతురుకు సర్దుబాటు చేయవచ్చు, కాని మరీ ఎక్కువ చేస్తే బొమ్మ మీద ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి.

మా లెక్కలు ఇలా సాగుతుండగానే మావాడు పడవ నడిపే ఆయనతో, "ఇంకొంచెం దగ్గరకు పోనీయండి. గొట్టం లేకుండానే తీస్తాను," అన్నాడు.

ఆయన గెడ వేయటం ఆపి, నావైపు తిరిగి, "మేష్టారూ, ఇక్కడితో సరి. ఇంకా దగ్గరకు పోతే గూళ్ళ మీంచి లేచిపోతాయి," అన్నాడు.

మావాడి ముఖం చిన్నబోయింది. "ఒక్క నిమిషమే కదా, తాతయ్యా! మళ్ళీ వచ్చి వాలవా?" అన్నాడు.

అప్పుడు నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటి వాడికి చెప్పాను. నలభై ఏళ్ళ కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో, నా తరగతి పిల్లలను ఊరిబయట ఒక పెద్ద చింతచెట్టు దగ్గరకు తీసుకుపోయాను. చెట్టు నిండా కొంగల గూళ్ళు. రెక్కలు విప్పి ఎగిరితే పిల్లలకు బాగా కనబడతాయని, నేనే చప్పట్లు కొట్టమన్నాను. కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. అంతలో కాకులు వచ్చి గూళ్ళ మీద పడ్డాయి. కొంగలు తిరిగి వాలేలోగా అయిదారు గుడ్లు పోయాయి. ఒక పిల్లవాడు నా చెయ్యి పట్టుకుని, "మేష్టారూ, మనం రాకపోతే ఆ గుడ్లు ఉండేవి కదండీ?" అన్నాడు. నేనేమీ చెప్పలేకపోయాను.

మావాడు ఇక దగ్గరకు పోదామనలేదు. గొట్టం ఊడదీసి, ఉన్న కటకంతోనే చక్కటి ఫొటోలు నాలుగు తీశాడు. పక్షులు చిన్నవే, కాని ఈకలు కూడా స్పష్టంగా వచ్చాయి.

విజయవాడ వచ్చాక, కొంత డబ్బు నష్టపోయి, 2 రెట్ల గొట్టం ఇచ్చి 1.4ది పుచ్చుకున్నాం. జనవరిలో మళ్ళీ ఆటపాకకు పోయాం. ఈసారి మంచు విడి, ఎండ బాగా వచ్చినదాకా ఆగి పడవ ఎక్కాం. పడవ మునుపు ఆగినచోటనే ఆగింది. ఒక తల్లి గూడబాతు నోరు తెరిచింది. పిల్ల తన తలనూ మెడనూ తల్లి సంచిలోకి దూర్చి చేపలు తింటున్నది. మావాడు ఊపిరి బిగబట్టి ఫొటో తీశాడు. ఒక్క పక్షీ మావైపు తిరిగి చూడలేదు. ఆ ఫొటో ఇప్పుడు మా సావిట్లో గోడకు ఉన్నది.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి గొట్టం కొనబోతుంటే ఈ సంగతులు చెప్పండి.

మొదటిది, అది అన్ని కటకాలకూ పనికిరాదు. కొన్ని గొట్టాల ముందుభాగం పొడుచుకు వచ్చి ఉంటుంది. సరిపడని కటకానికి తగిలిస్తే గాజుకు గాజు తగిలి దెబ్బతింటుంది. కటకం చేసినవారి జాబితాలో ఏ గొట్టం సరిపోతుందో చూసి, దుకాణంలోనే తగిలించి ఫొటో తీసి చూడాలి.

రెండోది, కటకం మంచిదయితేనే గొట్టం మంచిది. కటకంలో ఉన్న లోపం కూడా బొమ్మతోపాటే పెరుగుతుంది.

మూడోది, కటకం మీద ఎఫ్ అనే అక్షరం పక్కన ఉన్న సంఖ్య చూడాలి. అది చిన్నదయితే వెలుతురు ఎక్కువ వస్తుంది. మా కటకానిది 4. 1.4 గొట్టంతో అది 5.6 అయింది, 2 గొట్టంతో 8 అయింది. 8 దగ్గర చాలా పాత కెమేరాలు తమంతట తాము స్పష్టత కుదుర్చుకోలేవు. అద్దం లేని కొత్తరకం కెమేరాలు ఇందులో చాలా నయం.

నాలుగోది, ఎండ బాగా ఉన్నప్పుడు, కెమేరాను గట్టి ఆధారం మీద ఆనించి వాడాలి. అయితే మధ్యాహ్నపు ఎండలో నేలమీదా నీటిమీదా గాలి మరిగినట్టు కదులుతుంది. అప్పుడు ఏ గొట్టమూ దూరపు బొమ్మను స్పష్టంగా ఇవ్వలేదు.

టెలిఫోటో కటకంలోంచి సూర్యుణ్ణి మాత్రం ఎన్నడూ చూడకండి. కళ్ళు పోతాయి.

ఇక మీకొక లెక్క. ఒకరి దగ్గర 400 మిల్లీమీటర్ల కటకం ఉన్నది. దాని ఎఫ్ సంఖ్య 5.6. దానికి 1.4 గొట్టం తగిలిస్తే ఆ రెండు సంఖ్యలూ ఎంతవుతాయి? గూటి నుంచి 70 గజాల దూరంలో పడవ ఆగితే, పక్షి ఎన్ని గజాల దూరంలో ఉన్నట్టు కనబడుతుంది? మొదటిదానికి 560, రెండోదానికి దాదాపు 8, మూడోదానికి 50 వస్తే మీ లెక్క సరి. మిగిలిన 20 గజాలూ పడవ ముందుకు పోనక్కరలేదు.