ఫోను తెలుగు చదవనప్పుడు

చూపు లేనివారికి తెరమీది అక్షరాలు చదివి వినిపించే ఏర్పాటు ఇప్పటి ఫోనులలో ఉన్నది. ఆండ్రాయిడ్ ఫోనులలో దాని పేరు టాక్‌బ్యాక్. దానికి వేరే డబ్బు కట్టనక్కరలేదు. అయినా మేము దర్శించే ఇండ్లలో, "మావాడికి అది చేతకాదులెండి అయ్యగారూ" అనే మాటే ఎక్కువగా వింటున్నాము. చాలాసార్లు చేతకానిది మనిషికి కాదు.

దివిసీమలో, నాగాయలంకకు దిగువనున్న ఒక పల్లెలో పుట్టుగుడ్డి అయిన సహోదరుడు ఒకడున్నాడు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటినది. ముందటి రాత్రి అతడు తుపాను ఎక్కడున్నదని ఫోనులో వెదకినాడు. కబుర్లు వచ్చినవి గాని ఫోను 90 అని, 110 అని అంకెలు మాత్రము చదివి, తెలుగు వచ్చినచోటెల్ల మౌనముగా దాటిపోయినది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఇద్దరిని పోగొట్టుకొన్న ఇల్లది. ఆ రాత్రి వారికెట్లు గడిచినదో మీరే ఊహించండి.

మేము వెళ్లేసరికి ఫోను పాడైనదని గుడివాడ పంపబోవుచున్నారు. పాడైనదేమీ లేదు. సెట్టింగులలో 'టెక్స్ట్ టు స్పీచ్' అనే చోట తెలుగు గొంతు డౌన్‌లోడ్ కాలేదు, అంతే. అది దింపిన తరువాత మరియొక చిక్కు బయటపడినది. అతడు మైకు నొక్కగానే ఫోను ఇంకా ఏదో చెప్పుచుండును; తన మాట తానే విని దానినే వెదకుచుండును! ఇంటిల్లిపాది నవ్వినారు, అతడు తప్ప. చెవికి ఇయర్‌ఫోను పెట్టిన తరువాత ఆ బాధ తప్పినది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరము దాటునప్పుడు ప్రక్క ఇండ్లవారికి ఎప్పటికప్పుడు కబురు చెప్పినది అతడే.

సహాయము చేయువారు ఒకటి ఎరుగవలెను. టాక్‌బ్యాక్ ఉన్నప్పుడు ఒకసారి తాకితే ఫోను చదువును, రెండుసార్లు తట్టితే తెరచును. ఇది తెలియక కండ్లున్నవారు ఫోను లాగుకొని, విసుగుపడి, ఆ ఏర్పాటే తీసివేయుదురు. బర్తిమయిని కూడ ప్రభువు మొదట ఏమి కావలెనని అడిగెను గదా. వెదకిన పేజీలో ప్రకటనలన్నీ విననక్కరలేదు: క్రొత్త ఫోనులలో మూడు వ్రేళ్లతో పైకి గాని క్రిందికి గాని జరుపుచు 'హెడింగ్స్' అని వినబడగానే ఆపి, ఒక వ్రేలితో క్రిందికి జరిపితే ఫలితముల పేర్లు ఒకదాని వెంట ఒకటి వినబడును. ఫోను అతని చేతిలోనే ఉంచి నేర్పండి.

కంప్యూటరు వాడువారికి ఎన్‌వీడీఏ అనునది ఉచితము. 2006లో ఆస్ట్రేలియాలో దీనిని మొదలుపెట్టిన మైకేల్ కరన్, అతనితో కలిసి నడిపిన జేమ్స్ టే, ఇద్దరును చూపులేనివారే. మచిలీపట్నములో డిగ్రీ చదువుచున్న ఒక చెల్లెలు దీనితోనే చదువుకొనుచున్నది. ఆమెకు అడ్డుపడునది వేరు. కొన్నిచోట్ల వెదకబోతే, నీవు యంత్రము కావని రుజువు చేయుటకు బస్సులున్న బొమ్మలు ఏరుమందురు. చూపులేని పిల్ల ఏమి ఏరును? ప్రక్కన హెడ్‌ఫోను గుర్తు ఉంటే బొమ్మకు బదులు మాటలు వినిపించును గాని, అవి గరగరలాడే ఇంగ్లీషు మాటలు. తెలుగు మీడియములో చదివినవారికి అదియు గోడయే.

ఇంతకంటె ఆమెను ఎక్కువ బాధించునది మనవారి పనే. పాత తెలుగు ఫాంటులలో కొట్టిన పాఠమును కంప్యూటరు అర్థములేని ఇంగ్లీషు అక్షరాలుగా చదువును. యూనికోడ్‌లో కొట్టినది చక్కగా చదువును. ఫొటో తీసి పంపిన నోట్సు అయితే వెదకినా దొరకదు. తోటి పిల్లలను ఆమె అడుగునది ఒక్కటే: ఫొటో పంపితే పంపండి, దాని క్రింద ఆ నాలుగు వరుసలు టైపు కూడ చేయండి అని. ఇప్పటికి ఇద్దరు చేయుచున్నారు.