పట్టీ ఎవరు బిగించారు?

తిరువాలంగాడు వంటి పల్లెపట్టున కూర్చుని బేస్ జంపింగు గురించి వ్రాయడమేమిటని పాఠకులు నవ్వుకోవచ్చును. మా ఊళ్ళో ఎత్తయినవంటే వడారణ్యేశ్వరస్వామి గుడి గోపురం, చక్కెర మిల్లు పొగగొట్టం. వాటి మీదినుంచి దూకాలని ఇంతవరకు ఎవరికీ తోచలేదు. స్వామివారే ఇక్కడ కాళికతో నాట్యంలో పోటీపడి, ఆటలో జారిపడ్డ కుండలాన్ని కాలితో తీసి, ఆ కాలు నిటారుగా పైకెత్తి చెవికి పెట్టుకున్నారని స్థలపురాణం. "ఆడేది దేవుడైనా సరే, ఆటకు ముందు చెవిపోగు మర బిగించి ఉందో లేదో చూసుకోవద్దా?" అని మా అబ్బ హాస్యమాడేవాడు. యీ నాలుగైదేళ్ళుగా కొన్ని వార్తలు చదువుతూంటే ఆ హాస్యం మాకు పదేపదే గుర్తుకు వస్తున్నది.

బేస్ అన్నది ఇంగ్లీషులో నాలుగు మాటల మొదటి అక్షరాలు. కట్టడం, యాంటెనా స్తంభం, వంతెన, కొండ. కదలకుండా నిలబడి ఉన్న యీ నాలుగింటి మీదినుంచి పారాషూటు కట్టుకుని దూకడమే ఆట. యీ పేరును ప్రచారంలోకి తెచ్చిన అమెరికావాడు కార్ల్ బేనిష్ 1984 జూలైలో నార్వే దేశంలోని ఒక కొండగోడ మీదినుంచి దూకి చనిపోయాడు. విమానంలోనుంచి దూకేవాడికి వేల అడుగుల ఎత్తు ఉంటుంది. మొదటి పారాషూటు విచ్చుకోకపోతే రెండోది లాగడానికి వ్యవధి ఉంటుంది. కొండ మీదినుంచి దూకేవాడికి ఆ వ్యవధి లేదు. సాధారణంగా ఒకే పారాషూటు, కొన్ని సెకండ్ల కాలం. అంచేత నేలమీద ఉండగా చూసుకున్నదే చూసుకోవడం. గాలిలోకి పోయాక సరిచేసుకునేది దాదాపు ఏమీ లేదు.

యీ ఆటకు ఆ పేరు పుట్టకముందే పారిస్ నగరంలో ఒక దర్జీ ఉండేవాడు. పేరు ఫ్రాంజ్ రైఖెల్ట్. విమానం నడిపేవాళ్ళు ఒంటికి తొడుక్కునేలా ఒక కోటు కుట్టాడు. అదే విచ్చుకుని పారాషూటు అవుతుందని అతని నమ్మకం. బొమ్మలకు తొడిగి మేడ మీదినుంచి పడవేస్తే అవి సరిగ్గా దిగలేదు. ఎత్తు చాలక అలా అయిందనుకున్నాడు. 1912 ఫిబ్రవరి 4న ఐఫెల్ టవరు మొదటి అంతస్తు ఎక్కాడు. పోలీసులు అనుమతి ఇచ్చింది బొమ్మతో పరీక్షకే. కాని అతను కోటు తానే తొడుక్కుని వచ్చాడు. వద్దని స్నేహితులు బతిమాలారు. 57 మీటర్ల ఎత్తునుంచి దూకాడు, కోటు విచ్చుకోలేదు. సినిమా కెమేరాలు తిరుగుతూనే ఉన్నాయి. మనిషికి ధైర్యం తక్కువనలేం, చేతిపని రానివాడనీ అనలేం. బొమ్మ పడ్డ తీరును మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

ఇంకొకటి 1999 అక్టోబరు 22న జరిగింది. అమెరికాలో యోసెమిటీ అనే చోట ఎల్ కాపిటాన్ అని 3000 అడుగుల కొండగోడ ఉంది. అక్కడ పారాషూటుతో దూకడం నిషేధం. యీ ఆటలో అపాయం లేదని లోకానికి చూపాలని కొందరు బహిరంగంగా దూకే కార్యక్రమం పెట్టుకున్నారు. అందులో జాన్ డేవిస్ అని 60 ఏళ్ళ మహిళ, చాలా అనుభవం కలిగినది. దూకినవాళ్ళను పట్టుకుని సామాను జప్తు చేస్తారని అందరికీ తెలుసు. తన మంచి సామాను పోతుందని ఆమె వేరొకరిది అడిగి తెచ్చుకున్నది. తన దానిలో పారాషూటును విప్పే పిడి వీపు దిక్కున ఉండేది. అరువు తెచ్చినదానిలో అది కాలి దగ్గర ఉన్నది. పారాషూటు విచ్చుకోలేదు. భర్త కింద నిలబడి ఫొటో తీస్తూ ఉన్నాడు.

యీ సంగతి చదివి మేము చాలాసేపు ఆలోచించాము. పాత చోటికి అలవాటుపడ్డ చేయి కంగారులో పాత చోటికే పోతుంది. పెరట్లో స్విచ్చి మార్చి నెల దాటినా చీకట్లో పాత గోడనే తడుముతాం గదా! ఆ సామాను పాడయినదని చెప్పలేం. ఆ చేతికి కొత్తది, అంతే.

ఇవన్నీ దొరల ఆటలు, మనకెందుకు అనుకుందామంటే కుదరదు. పెళ్ళయిన పిల్లలు ఇప్పుడు కులూ, మనాలి పోతున్నారు. పోయినవాళ్ళు కొండమీదినుంచి పారాగ్లైడింగు చేయకుండా రావడం లేదు. ముందు ప్రయాణీకుడు, వెనక పైలట్, ఇద్దరికీ కలిపి ఒకటే రెక్క. కులూ దగ్గర దోభి అనే ఊరు ఉంది. 2019 నవంబరులో కొత్తగా పెళ్ళయిన చెన్నై యువకుడొకడు అక్కడ గాలిలో పట్టీ ఊడి పడి చనిపోయాడు. 2022 డిసెంబరులో మహారాష్ట్ర అబ్బాయి ఒకడు అక్కడే అలాగే పోయాడు. 2024 ఫిబ్రవరిలో మన తెలుగు పిల్ల, సంగారెడ్డి నుంచి వెళ్ళినది, అదే దోభిలో పడిపోయింది. మూడోసారి అధికారులు విచారించి చెప్పినది చూడండి. పైలట్ రిజిస్టరు అయినవాడే. సామాను ఆమోదం పొందినదే. వాతావరణం బాగానే ఉన్నది. ప్రయాణీకురాలి పట్టీ సరిగ్గా ఉందో లేదో పైలట్ చూడలేదు. అతన్ని అరెస్టు చేశారు.

గుమాస్తా పనిలో ఇరవై ఏళ్ళు గడిపిన మాకు యీ నివేదిక చదివితే ఒళ్ళు జలదరించింది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి మరి! మా ఆఫీసులో వందరూపాయల బిల్లు పోవాలన్నా వ్రాసినవాడు ఒకడు, సరిచూసినవాడు మరొకడు, ఇద్దరి సంతకాలూ ఉండాలి. వ్రాసినవాడే సరిచూశానంటే పైవారు ఒప్పుకోరు. ఒక మనిషి ప్రాణం వేలాడే పట్టీకి మాత్రం ఒక్కడి చేయి, అదీ ఆనాడు ఎన్నోసారో బిగిస్తున్న చేయి.

ఆ పట్టీల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. గుర్రానికి జీను వేసినట్లు మనిషికి వేస్తారు. రొమ్ము మీద ఒక పట్టీ, రెండు తొడలకు రెండు. రొమ్ము పట్టీ కంటికి ఎదురుగా ఉంటుంది కనుక దాన్ని మరచిపోయేది తక్కువ. తొడ పట్టీలు కిందికి, మడతల్లో ఉంటాయి. అవి పెట్టకపోయినా కొండమీద నిలబడినప్పుడు ఏమీ తెలియదు. పరుగెత్తేటప్పుడూ తెలియదు. కాళ్ళు నేలను వదిలాకగాని బరువు జీను మీద పడదు. అప్పుడు మనిషి కిందికి జారడం మొదలవుతుంది, చేయడానికి ఏమీ ఉండదు. ఇది ఎక్కడో ఒకచోట జరిగిన వింత కాదు. యీ ఆట తెలిసినవాళ్ళందరూ ఎరిగిన తప్పే. అందుకే కొన్ని జీనుల్లో రొమ్ము పట్టీ పెట్టాలంటే తొడ పట్టీ కూడా పడితీరేలా కలిపి కుట్టారు. మరచిపోయే మనిషిని తిట్టడంకన్నా మరచిపోవడానికి వీలులేకుండా చేసినవాడే బుద్ధిమంతుడని మా అభిప్రాయం.

మా అన్న కొడుకు పోయిన శీతాకాలం భార్యతో మనాలి పోయి వచ్చాడు. వచ్చి ఫోనులో వీడియో చూపించాడు. ఇంట్లో ఆడవాళ్ళందరూ అబ్బా, అయ్యో అంటూ చూశారు. మేము మాత్రం మొదటి అర నిమిషమే మళ్ళీ మళ్ళీ పెట్టించి చూశాము. శిరస్త్రాణం పెట్టారు. రొమ్ము మీద బకిలు టక్కుమన్నది. ఆపైన పైలట్ ఎవరితోనో ఫోను మాట్లాడుతూ తాళ్ళు సర్దుకున్నాడు. మావాడు కెమేరా వైపు నవ్వాడు. పరుగు, ఆకాశం.

"కాళ్ళ పట్టీలు ఎవరు బిగించారు రా?" అని అడిగాము.

"ముందే బిగించుంటారు చిన్నాయనా. వాళ్ళకది దినామూ చేసే పనే గదా!"

"నువ్వు చూసుకున్నావా?"

వాడు నవ్వి ఊరుకున్నాడు. పక్కన కోడలు పిల్ల నవ్వలేదు. వీడియో మరొకసారి పెట్టమన్నది. చూసి, "నా కాళ్ళకు మాత్రం ఇంకొక అబ్బాయి వచ్చి లాగి చూశాడు మామయ్యా. వీరి దగ్గరికి ఎవరూ రాలేదు" అన్నది. ఆ రాత్రి అన్నం దగ్గర ఎవరూ యీ మాట ఎత్తలేదు.

పారాషూటు దళాల్లో మడతపెట్టినవాడు ఆ పారాషూటు చీటీమీద సంతకం చేయాలి. దూకే ముందు ఒకరి పట్టీలు ఒకరు పట్టుకుని చూస్తారు. డబ్బిచ్చి వినోదానికి ఎగిరేవాడికి మాత్రం తన పట్టీ తాను లాగి చూసుకోవడమంటే పైలట్‌ను అవమానించినట్లు తోస్తుంది. మన తెలుగువాళ్ళ మొగమాటం లోకప్రసిద్ధం గదా!

మనాలి దూరమనుకుందాం. అరక్కోణం మాకు రైల్లో కొద్ది నిమిషాలు. దాని అవతల నెమిలి దగ్గర కీల్వీది అనే ఊరు. 2023 జనవరి 22 ఆదివారం రాత్రి అక్కడ మండియమ్మన్ గుడి ఉత్సవం. విగ్రహాలకు దండలు వేయడానికి క్రేను తెచ్చారు, దానిమీద మనుషులు ఎక్కారు. జనం మధ్యన క్రేను ఒరిగి పడింది. నలుగురు చనిపోయారు. క్రేను వాడడానికి అనుమతి లేదని కలెక్టరుగారు చెప్పారు. నడిపినవాడిని పట్టుకున్నారు. మరునాటి ఉదయం రైల్లో మా పెట్టెలో ఇదే మాట. తమిళంలో కొందరు, తెలుగులో కొందరు, అందరూ ఆ వీడియో చూసినవాళ్ళే.

క్రేను అన్నది ఇనుమునూ దూలాలనూ ఎత్తడానికి చేసినది. బిందెను ఒంటికి ఆనించుకుంటే సులువు, చేయి చాచి పట్టుకుంటే భారం. క్రేను కూడా అంతే, చేయి చాచేకొద్దీ అది మోయగల బరువు తగ్గిపోతుంది. ఎంత చాస్తే ఎంత ఎత్తవచ్చునో లెక్క వ్రాసిన పట్టిక ఒకటి ఉంటుంది. ఆ లెక్క చదునైన గట్టి నేలకే. పొలం గట్టు పక్కన, వాన తడిసిన మన్ను మీద, జనం తోసుకుంటూంటే కదిలించి నడిపేటప్పుడు ఆ లెక్క పనికిరాదు. మా ప్రాంతంలో ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు కావడి ఎత్తడం తరతరాలుగా ఉన్నదే. వీపున కొక్కేలు గుచ్చుకుని క్రేనుకు వేలాడడం మాత్రం మా అబ్బ కాలంలో లేదు. అప్పుడు క్రేనే లేదు.

వెనకటి సిడిమాను ఉండేది గదా అని కొందరంటారు. నిజమే. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఇప్పటికీ జరుగుతున్నది. పూజారి మాను కొసన కూర్చుని ఊరేగుతాడు. కాని ఆ మాను సంగతి తెలుసుకోండి. ఏటా కొత్తగా చింతచెట్టును వెదకి, పూజచేసి కొట్టి, దానిని చెక్కి సిద్ధం చేస్తారు. ఆ పని ఎరిగినవాళ్ళు రోజుల తరబడి చేతులతో తడిమి చూసిన కొయ్య అది. మన క్రేను నిన్నటిదాకా ఎక్కడో ఇటుకలో ఇనుపకమ్ములో ఎత్తి, గంటల లెక్కన బాడుగకు వచ్చినది. దాని కొక్కెం ఎప్పుడు ఎవరు చూశారో తెచ్చినవాడికే తెలియదు. పేరు ఒకటే అయినంతమాత్రాన రెండూ ఒకటి కావు.

యీ ఏడు మా పక్క పల్లెలో గంగమ్మ జాతరకు క్రేను మాట్లాడారని తెలిసి మేము మరి ఇద్దరిని వెంటబెట్టుకుని పోయాము. రచ్చబండ దగ్గర పెద్దలు కూర్చుని ఉన్నారు. కీల్వీది సంగతి చెప్పాము. ఒక పెద్దాయన శాంతంగా విని, "మొక్కు మొక్కే గదా నాయనా. పిల్లోళ్ళను అమ్మ చూసుకుంటుంది" అన్నాడు. ఎదురు చెప్పడానికి మాకు నోరు రాలేదు. వెనకాల నిలబడిన మేస్త్రీ ఒకడు, పరంజా కట్టి గోడలెక్కేవాడు, తలపాగా తీసి చేతబట్టుకుని అన్నాడు: "ఆ ఊర్లో మాత్రం అమ్మ లేదా సామీ? నేను రెండు కొయ్యలు కట్టాలన్నా ముందు కాలితో నేల తన్ని చూస్తాను. యీ నేల నిన్న నీళ్ళు పారిన నేల."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత దండలు మాత్రం తాడూ కప్పీ వేసి కిందినుంచి లాగేటట్లు, మనుషులెవరూ ఎక్కకుండేటట్లు ఒప్పుకున్నారు. మొక్కుకున్న ఇద్దరు కుర్రవాళ్ళు అలిగి ఇంటికి పోయారు. వాళ్ళలో ఒకడి తల్లి మర్నాడు మా ఇంటికి వచ్చి ఏమీ అనకుండా ఒక గుమ్మడికాయ ఇచ్చి పోయింది.

క్రేనువాడు అడ్వాన్సు రెండువేలు తిరిగి యివ్వనన్నాడు. ఆ రెండువేలు ఎవరు పెట్టుకోవాలన్న సంగతి ఇంకా తేలలేదు.