ద్రాక్షాపాకం - తాటికల్లు

మన లాక్షణికులు కవిత్వానికి ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని పేర్లు పెట్టారు. ఈ మాటలు నేను ఏటా తరగతిలో చెబుతూనే ఉన్నాను. ఒకసారి ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, మా వూళ్ళో ద్రాక్షతోట లేదండి. తాటికి ఏ పాకమూ లేదా?" అని అడిగాడు. తరగతి నవ్వింది. కాని అది నవ్వి వదిలేయదగిన ప్రశ్న కాదు.

ఐరోపాలో రైన్ నదీలోయలోని ద్రాక్షతోటల కుటుంబాలు తాము తీసిన ద్రాక్షాసవపు సీసాల మీద తమ ఇంటిపేరు అచ్చు వేసుకుంటాయి. దాన్ని సంస్కృతి అంటాం. వంశధార, నాగావళి ఒడ్డుల్లో తరతరాలుగా తాడి ఎక్కిన కుటుంబాల పనిని అలా అనడానికి మనకు నోరు రాదు. అదీ విద్యే. పూగెల కొసను పొద్దునా సాయంత్రమూ పలచగా చెక్కాలి. కత్తి లోతుగా దిగితే గెల చెడుతుంది. కారిన రసం కొద్ది గంటల్లోనే కుండలో పులిసి కల్లవుతుంది. కుండలోపల సున్నం పూస్తే పులియక తియ్యని నీరాగా నిలుస్తుంది. కాలు జారితే మాత్రం మనిషి దక్కడు.

ఈ శ్రమజీవిని చట్టం నేరస్థుణ్ణి చేసింది. 1948లో మద్యనిషేధం మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. చెట్టు ఉంది, కత్తి ఉంది, గీత మాత్రం నేరం! 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక రామమూర్తి కమిటీ నిషేధాన్ని ఎత్తివేయమంది. శ్రీకాకుళం జిల్లా బారువలో గీత కుటుంబాన పుట్టిన గౌతు లచ్చన్న ఆ పనివారి పక్షాన నిలిచారు. 1954 నవంబరులో, ఈ సమస్య మీదనే, ఒక్క ఓటు తేడాతో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. మంత్రివర్గాన్ని కదిలించిన ఈ మనిషి మన కావ్యచర్చలో ఎక్కడ?

తాగుడు పేదవాడి కొంప కూలుస్తుందనడం నిజం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డారు, న్యాయం వారిదే. అయితే వేలంపాటల్లో సారా హక్కులు కొని లాభం మూటకట్టుకున్న కాంట్రాక్టరునూ, చెట్టెక్కి పొట్టపోసుకునే గీతపనివాణ్ణీ ఒకే గాట కట్టడం ఏం న్యాయం?

మన ప్రాచీన సాహిత్యం శతాబ్దాలపాటు తాటాకు మీదనే బతికింది. ఎన్నడూ చూడని ద్రాక్షను అదే ఆకు మీద పొగిడాం. ఆ ఆకును కోసి దించిన చేతులెవరివో అడగకుండా పాకాల గురించి మాట్లాడే విమర్శ ఎంత పండితమైనా సగం విమర్శే.